కానరాని కణాలు – మన కళాశాల కర్తవ్యం

గత విద్యా సంవత్సరం చివర మన కళాశాల పాలక సంఘం ఎదుటికి ఒక ప్రశ్న వచ్చింది. భౌతికశాస్త్ర విభాగంలో చేరే విద్యార్థుల సంఖ్య ఏటేటా తగ్గుతున్నది. ప్రయోగశాల ఖర్చు మాత్రం తగ్గడం లేదు. అటువంటప్పుడు ఆ విభాగాన్ని మూసివేసి, ఆ గదులను, ఆ ధనాన్ని త్వరగా ఉద్యోగం తెచ్చిపెట్టే చదువులకు వినియోగించరాదా? ఈ చర్చ జరుగుతుండగా సంఘ పెద్దలలో ఒకరు, “యాభై ఏండ్లుగా వెతికినా దొరకని కణాల సంగతి మన రెంజల్ పిల్లలకెందుకు సార్?” అన్నారు.

ఆ మాటలో ఎగతాళి లేదు, బాధ ఉన్నది. 1937లో స్థాపితమైన బోధను చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినప్పుడు ఎన్ని కుటుంబాల బ్రతుకులు తలక్రిందులైనవో ఈ ప్రాంతంవారికి ఒకరు చెప్పనక్కరలేదు. బిడ్డ చదువు ఇంటికి అన్నం పెట్టవలెనని తండ్రి కోరుకోవడం తప్పు కాదు. అయినప్పటికీ ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన బాధ్యత అధ్యాపకులమైన మాపై ఉన్నది. నేను తెలుగు పాఠాలు చెప్పేవాడిని, భౌతికశాస్త్రజ్ఞుడిని కాను. కాని ఆ దొరకని కణాలు ఏమిటి, అవి ఉన్నవని ఎవరు చెప్పినారు, ఎందుకు చెప్పినారు అని విచారించిన కొద్దీ, అవి మనకు సంబంధించని విషయాలు కావన్న నమ్మకం నాకు బలపడింది. ఆ నమ్మకానికి కారణాలను విద్యార్థుల ముందు, పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మనకు బాగా తెలిసిన చక్కెరతోనే ప్రారంభిస్తాను. చెరకు రసంలో చక్కెర ఎంత ఉన్నదో తెలుసుకోవడానికి చక్కెర కర్మాగారాల ప్రయోగశాలలలో ధ్రువణమాపకం అనే పరికరాన్ని వాడుతారు. ఒకే తలంలో కంపించే కాంతిని రసం గుండా పంపినప్పుడు ఆ తలం కుడివైపుకు తిరుగుతుంది. ఎంత తిరిగిందో కొలిస్తే చక్కెర పాలు ఎంతో తెలుస్తుంది. అలా తిరగడానికి కారణం చక్కెర అణువు ఒకే చేతి వాటం కలిగి ఉండడం. అద్దంలో కనిపించే దాని ప్రతిబింబం వంటి అణువును చెరకు మొక్క తయారు చేయదు. కాని అటువంటి ప్రతిబింబపు చక్కెరలను రసాయనశాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారు చేయగలరు. అంటే ఇక్కడ కుడి ఎడమల భేదం మొక్కకు అబ్బిన అలవాటే గాని ప్రకృతి శాసనం కాదు.

ప్రకృతి శాసనాలకు కుడి ఎడమల పక్షపాతం ఉండదనే 1956 వరకు శాస్త్రజ్ఞులు నమ్మినారు. ఆ సంవత్సరం లీ, యాంగ్ అనే ఇద్దరు చైనా దేశీయులు ఆ నమ్మకాన్ని ప్రశ్నించినారు. పరమాణు కేంద్రకాలు రేడియోధార్మికతతో క్షయించడానికి కారణమైన బలం ఒకటున్నది. దానిని దుర్బల బలం అంటారు. సూర్యుడు వెలగడానికి కూడా ఆ బలమే అవసరం. ఆ బలం విషయంలో కుడి ఎడమలు సమానమని ఎవరూ పరీక్షించి చూడలేదని వారు గుర్తు చేసినారు. వూ అనే మహిళా శాస్త్రజ్ఞురాలు కోబాల్టు-60తో ఆ పరీక్ష చేయించి, 1957లో ఫలితం ప్రకటించినారు: దుర్బల బలం పక్షపాతి! కణం తన చుట్టూ తాను తిరుగుతూ ముందుకు సాగుతుంది. ఆ తిరుగుడు ఎడమ మర వంటిదైతే దానిని ఎడమచేతి కణమని, కుడి మర వంటిదైతే కుడిచేతి కణమని అంటారు. దుర్బల బలం ఎడమచేతి కణాలను మాత్రమే పట్టించుకొంటున్నది. ఇది మొక్క అలవాటు వంటిది కాదు. శాసనంలోనే ఉన్న పక్షపాతం.

ఇక బలమన్నది ఒక కణం నుండి మరొక కణానికి ఎట్లా చేరుతుంది? దానిని మోసుకొనిపోయే కణాలు వేరే ఉన్నవి. వాటికి శాస్త్రపరిభాషలో గేజి బోసాన్లని పేరు. విద్యుదయస్కాంత బలాన్ని మోసేది కాంతి కణమైన ఫోటాను. దానికి ద్రవ్యరాశి లేదు. దుర్బల బలాన్ని మోసేవి డబ్ల్యు, జడ్ అనే కణాలు. అవి చాలా బరువైనవి. ఇంత భేదమున్న ఈ రెండు బలాలు మూలంలో ఒక్కటేనని 1961లో గ్లాషో ఒక దారి చూపగా, 1967లో వైన్‌బర్గు, 1968లో అబ్దుస్ సలాం దానిని సంపూర్ణ సిద్ధాంతంగా రూపొందించినారు.

ఈ విషయం మన రైతు బిడ్డలకు సులభంగా అర్థమవుతుంది. నిజాంసాగర్ ప్రధాన కాలువలో పారే నీరు ఒక్కటే. దిగువకు వచ్చిన కొద్దీ అది ఉపకాలువలుగా, పిల్లకాలువలుగా చీలుతుంది. చివరి పొలంలో నిలబడిన రైతుకు తన తూము నీరు వేరు, పక్క ఊరి తూము నీరు వేరు. ఎగువకు నడిచి వెళ్ళినవాడికి మాత్రమే రెండూ ఒక్క నీరేనని తెలుస్తుంది. కణ ప్రపంచంలో ఎగువ అంటే అధిక శక్తి. మనం నివసించే సామాన్య జగత్తు కాలువ చివరి పొలం వంటిది. కణాలను మహావేగంతో ఢీకొట్టించే యంత్రాలు ఎగువకు నడిపించే దారులు.

తేదీల క్రమాన్ని విద్యార్థులు ఇక్కడ శ్రద్ధగా గమనించవలెను. 1973లో జెనీవా సమీపాన ఉన్న సెర్న్ పరిశోధనా కేంద్రంలో ఈ సిద్ధాంతానికి అనుకూలమైన తొలి సాక్ష్యం లభించింది. 1979లో ముగ్గురు సిద్ధాంతకర్తలకూ నోబెల్ బహుమానం లభించింది. కాని డబ్ల్యు, జడ్ కణాలు కంటబడినది 1983లో! మొదటిది ప్రోటాను కంటె సుమారు 86 రెట్లు, రెండవది సుమారు 97 రెట్లు బరువైనవి. ఈ బరువులు ఇంచుమించు ఎంతుండవలెనో సిద్ధాంతం ముందే లెక్కగట్టి చెప్పింది. 1982లో మన పెద్దమనిషి వంటివారు ఎవరైనా “పదిహేనేండ్లుగా దొరకని కణాల కోసం ఇంత ధనమెందుకు?” అని అడిగి ఉంటే ఆ ప్రశ్న సమంజసంగానే వినిపించి ఉండేది.

ఇప్పుడు మన అసలు విషయానికి వచ్చినాము. దుర్బల బలం ఎడమచేతి పక్షపాతి అన్నాము గదా. ఆ పక్షపాతం కూడా కాలువ చివరన మాత్రమే కనబడే భేదం కావచ్చునా? ఎగువకు వెళ్ళితే కుడి ఎడమలు మళ్ళీ సమానమవుతవా? అవునని చెప్పిన సిద్ధాంతం 1974, 1975 సంవత్సరాలలో వెలువడింది. దానికి ఆద్యులు జోగేశ్ పతి, అబ్దుస్ సలాం. వారి తరువాత రవీంద్రనాథ్ మహాపాత్ర, సెన్యానోవిచ్ దానిని విస్తరించినారు. ఈ సిద్ధాంతం నిజమైతే ఎడమచేతి కణాలతో వ్యవహరించే డబ్ల్యుకు తోడుగా కుడిచేతి కణాలతో వ్యవహరించే మరొక డబ్ల్యు, దానితోపాటు మరొక జడ్ ఉండి తీరవలెను. ఇంతవరకు కనబడలేదు కాబట్టి అవి మిక్కిలి బరువైనవై ఉండవలెను. “దొరకని కణాలు” ఇవే.

వీటిని ఊహించినవారు ఏ మహానగరాల బిడ్డలు? సలాం పెరిగిన ఊరు పంజాబులోని ఝంగ్. పతి పుట్టినది మన పొరుగున ఉన్న ఒడిశాలోని బారిపద. మహాపాత్ర కూడా ఒడిశా బిడ్డయే. ఇవి పల్లెలను, చిన్న పట్టణాలను ఆనుకొని బ్రతికిన జీవితాలు. రెంజల్, నవీపేట, ఎడపల్లి బాలురకు, బాలికలకు ఈ ఆలోచనలు అందని పండ్లని అనుకొనేవారు ఈ ఊళ్ళ పేర్లను ఒకసారి తలచుకోవలెను.

ఈ బరువైన కణాలను వెదికే విధానం కూడా అంత అంతుబట్టనిది కాదు. సెర్న్‌లో భూగర్భాన సుమారు 100 మీటర్ల లోతున 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల వలయంలో ప్రోటాన్లను ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టిస్తారు. ఆ పొడవు నిజామాబాదుకు, బోధనుకు నడుమ ఉన్న దారికి దరిదాపుగా ఉంటుంది. ఢీకొన్నప్పటి శక్తి నుండి బరువైన కణం పుట్టినా అది రెప్పపాటులో కోట్లవ వంతు కాలమైనా నిలువదు. ఎలక్ట్రాన్ల జతగానో, మ్యూవాన్ల జతగానో విచ్ఛిన్నమవుతుంది. ఆ జత శక్తులను, దిశలను కొలిచి, పుట్టిన కణం బరువెంతో వెనుకకు లెక్కగడుతారు. చెరకు కాటా దగ్గర వచ్చిపోయే బండ్ల బరువులను వేల సంఖ్యలో రాసి పట్టిక వేసినామనుకొందాము. బరువు పెరిగిన కొద్దీ బండ్ల సంఖ్య క్రమంగా తగ్గిపోతూ ఉండగా, ఒక బరువు దగ్గర హఠాత్తుగా చాలా బండ్లు కనబడితే, అక్కడ మనకు తెలియని కొత్త రకం బండి ఏదో ఉన్నదని అనుమానిస్తాము. పట్టికలో అటువంటి గుట్ట కోసమే శాస్త్రజ్ఞులు చూస్తారు.

2015లో అటువంటి గుట్ట ఒకటి కనబడింది. ప్రోటానుకు సుమారు రెండువేల రెట్ల బరువు దగ్గర అవసరమైన దానికంటె ఎక్కువ సంఘటనలు నమోదైనవి. ఇది కొత్త డబ్ల్యు కావచ్చునని, అందులోనూ కుడిచేతి డబ్ల్యు కావచ్చునని ఎన్నో వ్యాసాలు వెలువడినవి. యంత్రం శక్తిని పెంచి మరింత సమాచారం సేకరించగా ఆ గుట్ట చదునైపోయింది. అది యాదృచ్ఛికం మాత్రమే. గుట్ట చూపిన శాస్త్రజ్ఞులే అది లేదని ప్రకటించినారు. ఆ తరువాతి పరీక్షలన్నిటి ఫలితంగా, సాధారణంగా ఊహించిన రూపాలలోని కొత్త డబ్ల్యు, జడ్ కణాలు ప్రోటానుకు సుమారు ఐదువేల రెట్ల బరువు వరకు లేవని తేలింది. అంతకు పైన ఉన్నవో లేవో ఎవరూ చెప్పలేరు.

ఈ వెతుకులాటలో మన దక్షిణాది నేలకు కూడా ఒక అధ్యాయం ఉన్నది. ప్రోటాను శాశ్వతమైనది కాకపోవచ్చునని పతి, సలాం 1973లోనే సూచించినారు. 1974లో జార్జి, గ్లాషో ప్రతిపాదించిన మరొక ఏకీకరణ సిద్ధాంతం, ఏ యంత్రమూ పుట్టించలేనంత బరువైన ఎక్స్, వై అనే బలవాహకాల వల్ల ప్రోటాను ఎప్పుడో ఒకప్పుడు క్షయిస్తుందని చెప్పింది. దానిని పరీక్షించడానికి టాటా మౌలిక పరిశోధనా సంస్థ, జపానులోని ఒసాకా నగర విశ్వవిద్యాలయం కలిసి కోలారు బంగారు గనులలో 2,300 మీటర్ల లోతున 140 టన్నుల ఇనుముతో ఒక పరికరాన్ని 1980లో నెలకొల్పినారు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుండి వలసపోయిన కూలీలు తరతరాలుగా తవ్విన గనులవి. బంగారం కోసం తవ్విన చీకటిలో శాస్త్రజ్ఞులు పదార్థం ఆయుర్దాయాన్ని కొలువబూనినారు. ప్రోటాను క్షయం కావచ్చునని అనుమానించదగిన కొన్ని గుర్తులు వారికి కనబడినవి. ఇతర దేశాలలో పెట్టిన పెద్ద పరికరాలు వాటిని ధ్రువీకరించలేదు. ప్రోటాను ఆయుర్దాయం 1 తరువాత 34 సున్నాలు వేసిన సంఖ్యకు మించిన సంవత్సరాలని జపానులోని ప్రయోగం ఇప్పటికి తేల్చింది. 1974 నాటి ఆ సిద్ధాంతం తన సరళ రూపంలో తప్పని నిర్ణయమైపోయింది. కోలారు గనులు 2001లో మూతపడినవి.

అయితే ఈ శ్రమంతా వృథాయేనా? కాదని నా దృఢ విశ్వాసం. ఆ సిద్ధాంతం తాను తప్పయ్యే మార్గాన్ని తానే ముందుగా చెప్పింది. “ఇన్ని సంవత్సరాలలో ప్రోటాను క్షయించకపోతే నా మాట విడిచిపెట్టండి” అన్నది. విడిచిపెట్టినారు. అంత నిజాయితీ గల మాటలు మన నిత్యజీవితంలో ఎన్ని వింటున్నాము? ఎన్నికల వాగ్దానాలు, రోగాలన్నిటికీ ఒకే మందు అమ్మేవారి మాటలు, ఎవరు పుట్టించినారో తెలియక ఒక ఫోను నుండి మరొక ఫోనుకు ప్రాకే పుకార్లు – వీటిలో దేనినైనా “ఏది జరిగితే నీ మాట తప్పని ఒప్పుకొంటావు?” అని అడిగితే సమాధానం దొరకదు. పుకారు వల్ల ఒక వీధిలో దుకాణాలు మూతపడడం, ఇరుగుపొరుగు ముఖాలు చాటువేసుకోవడం మన ప్రాంతంవారికి తెలియని విషయాలు కావు. ఆ ప్రశ్న అడిగే అలవాటు పిల్లలకు ఎక్కడ అబ్బుతుంది? ప్రయోగశాలలో అబ్బుతుంది. తాను ఊహించిన విలువ ఒకటి, పరికరం చూపిన విలువ మరొకటి అయినప్పుడు తన ఊహను కొట్టివేసి పరికరం మాటను నోటుబుక్కులో రాసుకొన్న విద్యార్థికి అబ్బుతుంది.

ఎదుటి వాదాన్ని కూడా న్యాయంగా చెప్పవలెను. కుడిచేతి డబ్ల్యు విషయంలో సిద్ధాంతకర్తలకు ఒక సౌకర్యం ఉన్నది. దాని బరువు ఇంతే అని సిద్ధాంతం కచ్చితంగా చెప్పదు. ప్రోటానుకు సుమారు 1,700 రెట్ల కంటె బరువైనదై ఉండవలెనని 1982లోనే పరోక్ష సాక్ష్యాలతో ఒక లెక్క వచ్చింది. నేటి యంత్రాలు ఆ హద్దును ఐదువేల రెట్లకు జరిపినవి. ప్రతిసారి “ఇంకా ఎగువన ఉన్నది” అంటూ పోతే అది శాస్త్రమా, మొండితనమా అని భౌతికశాస్త్రజ్ఞులలోనే కొందరు అడుగుతున్నారు. అడుగవలసిన ప్రశ్నయే. దానికి ఒక పాక్షిక సమాధానం ఉన్నది: కుడి ఎడమల సమానత్వాన్ని కోరే ఈ సిద్ధాంతంలో న్యూట్రినో అనే కణానికి స్వల్పమైన ద్రవ్యరాశి ఉండడం సహజం. 1998లో జపానులో ఆ ద్రవ్యరాశి ఉన్నదని రుజువైంది. అది సిద్ధాంతానికి పూర్తి రుజువు కాదు. న్యూట్రినో బరువుకు ఇతర కారణాలు కూడా ఉండవచ్చును. కాని వెతకడం అవివేకం కాదనడానికి అది చాలును. తుది తీర్పు రాలేదు. తీర్పు రానప్పుడు రాలేదని చెప్పగలగడం కూడా విద్యయే.

మన సముదాయానికి ప్రత్యేకంగా ఒక మాట మనవి చేస్తాను. ఏ కొత్త విషయం కనుగొన్నారని విన్నా, “అది మా గ్రంథంలో ముందే ఉన్నది” అని తృప్తిపడే అలవాటు అన్ని మతాలవారిలోను ఉన్నది, మనలోను ఉన్నది. సలాం నోబెల్ విందు ప్రసంగంలో ఖురానును స్మరించినారు. సృష్టిలోని సౌష్ఠవం మీద ఆయనకున్న నమ్మకానికి మూలం అందులో ఉన్నది. కాని ఆయన గ్రంథం నుండి లెక్కలు తీయలేదు. లెక్కలు కాగితం మీద చేసి, యంత్రం చెప్పే తీర్పు కోసం వేచి ఉన్నారు. విశ్వాసం ప్రశ్నకు ప్రేరణ కావచ్చును, జవాబుకు బదులు కారాదు. ఆయన మతశాఖ విషయంలో 1974లో పాకిస్తాను చేసిన శాసనం, దానిపై పండితుల అభిప్రాయాలు మనకు తెలిసినవే. ఆ వివాదంలో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. జ్ఞానార్జన ప్రతి ముస్లింకు విధి అని చిన్ననాటి నుండి వింటున్న మనం ఆయన విద్యను మాత్రం పరాయిది చేసుకోరాదు.

ఆయన జీవితంలోని మరొక ఘట్టం అధ్యాపకులు మరువరానిది. లాహోరులో తనకు గణితం నేర్పిన అనిలేంద్ర గంగూలి గారు దేశ విభజన తరువాత కలకత్తా చేరినారు. 1981లో సలాం అక్కడికి వెళ్ళి, మంచం పట్టిన ఆ వృద్ధ గురువు చేతిలో తన నోబెల్ పతకాన్ని ఉంచినారు. ఒక కళాశాలలో ఒక గణిత అధ్యాపకుడు ఉండడం వల్ల ఏమి ప్రయోజనం అన్న ప్రశ్నకు ఇంతకు మించిన సమాధానం నాకు తెలియదు. గంగూలి గారి తరగతి నిండితేనే ఉంచుతామని ఆనాటి పెద్దలు అనుకొని ఉంటే?

కావున పాలక సంఘం పెద్దలకు నా విన్నపం ఇది. భౌతికశాస్త్ర విభాగాన్ని మూయవద్దు. విద్యార్థులు తగ్గడానికి ఆ శాస్త్రం నిరుపయోగం కావడం కారణం కాదు. అది వారికి అర్థమయ్యే మాటలలో అందకపోవడం కారణం. ఉర్దూ మాధ్యమంగా 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసినప్పుడు, దాని అనువాద విభాగం పాశ్చాత్య విజ్ఞానశాస్త్రాలకు ఉర్దూలో పరిభాష కల్పించింది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి అదే పనిని తెలుగులో చేసింది. ఈ రెండు వారసత్వాలూ ఒకే కప్పు కింద ఉన్న కళాశాల మనది. భౌతికశాస్త్రంలోని ముఖ్యమైన వంద మాటలకు తెలుగు, ఉర్దూ సమానార్థకాలతో ఒక చిన్న పదకోశాన్ని మన విద్యార్థులే తయారు చేయగలరు. భాషాధ్యాపకులమైన మేము సహకరిస్తాము. నెలకొకసారి గ్రంథాలయంలో ఒక విజ్ఞాన సాయంకాలం జరుపవచ్చును. చుట్టుపక్కల పాఠశాలల పిల్లలను కూడా దానికి పిలువవచ్చును. ప్రయోగశాలకు ఒక ధ్రువణమాపకం కొని, చెరకు రసంలో కాంతి ఎటు తిరుగుతున్నదో వారికి చూపవచ్చును. ఇందుకు పెద్ద ధనం అవసరం లేదు. మూడేండ్ల గడువు ఇవ్వండి. ఆ తరువాత కూడా తరగతి నిండకపోతే నా వాదం తప్పని ఒప్పుకొని, మూసివేతకు నేనే మద్దతు పలుకుతాను. ఇతరుల నుండి కోరిన నిజాయితీని నా మాటకు కూడా వర్తింపజేయవలెను గదా.

విద్యార్థులారా! సెర్న్‌లో పాకిస్తాను 2015 నుండి, భారతదేశం 2017 నుండి అనుబంధ సభ్యదేశాలుగా ఉన్నవి. అక్కడి యంత్రాన్ని మరింత సమర్థంగా మార్చి, 2030 తరువాత ఎన్నో రెట్లు అధిక సమాచారం సేకరించడానికి ప్రణాళిక ఉన్నది. నేడు మీరు ఇంటర్మీడియేటులోనో, డిగ్రీ మొదటి సంవత్సరంలోనో ఉన్నారు. ఆ సమాచారం వెలువడేనాటికి మీరు పరిశోధకుల వయస్సుకు వస్తారు. కుడిచేతి డబ్ల్యు దొరికిందనో, లేనేలేదనో చెప్పే బృందంలో మన బోధను ప్రాంతపు పేరు ఒకటి ఉండరాదా?

మీ చేతిలోని ఈ సంచికను ఒకవైపు నుండి తెరిస్తే తెలుగు, మరొకవైపు నుండి తెరిస్తే ఉర్దూ. ఒకటి ఎడమ నుండి కుడికి నడుస్తుంది, మరొకటి కుడి నుండి ఎడమకు. రెండింటికీ కుట్టు ఒక్కటే. దీనిలో ఏ ఒక్కవైపునో చదివి, రెండవవైపు లేనే లేదనుకోవడం మనకు తగదు. ప్రకృతి గ్రంథంలో ఇంతవరకు ఎడమవైపు పుటలనే చదువగలిగినాము. కుడివైపు పుటలు ఉన్నవో లేవో తెలుసుకొనే పనిలో మన పిల్లలకు చోటు లేకుండా చేయవద్దని పెద్దలను మరొకసారి ప్రార్థిస్తూ ముగిస్తున్నాను.